డోరు మీద రేటు

ఆ రోజు ఉదయం అతను వేసుకున్న ప్రణాళికలో కంగారు పడాల్సినదేమీ లేదు. కాఫీ తాగాలి. వ్యాను తీసుకుని లాండ్రీకి వెళ్ళాలి. అక్కడ యజమానురాలికి ఒక అంకె చెప్పాలి. తిరిగి రావాలి. వీటిలో మూడు పనులు ఎవరైనా చేస్తారు. మిగిలిన ఆ ఒక్కటే అతను ఇన్నేళ్ళుగా చెయ్యలేకపోతున్నాడు.

అతనిది బళ్ళ మీద అక్షరాలూ బొమ్మలూ అంటించే షాపు. వీధిలో రేడియం షాపు అంటారు. వినైల్ చుట్టని మెషీన్లో పెట్టి అక్షరాలు కోయడం, అక్కర్లేని ముక్కల్ని సూదిమొనతో లేపి పీకెయ్యడం, మిగిలినదాన్ని బండి మీద పరిచి ప్లాస్టిక్ బద్దతో గాలిబుడగ లేకుండా రుద్దడం, వీటిలో అతనికి వంక పెట్టినవాడు లేడు. ధర లెక్కగట్టడంలోనూ అంతే. బండి చుట్టూ ఒకసారి తిరిగితే చాలు, లోపల ఒక అంకె పుడుతుంది. ఇన్ని చదరపు అడుగుల వినైల్, ఇంత కోత, పాత అక్షరాలు ఊడదీసినందుకు ఇంత, వంపుల దగ్గరా రివెట్ల దగ్గరా పట్టే ఓపికకి ఇంత. అది న్యాయమైన అంకె. చిక్కంతా అది కడుపులోంచి నాలుక దాకా వచ్చే దారిలో ఉంది. "ఎంతవుతుంది?" అని అడిగిన మనిషి కనుబొమ దగ్గర చిన్న కదలిక కనిపించిందా, అంకె ఎండలో పెట్టిన మైనంలా కరగడం మొదలుపెడుతుంది. గొంతు దగ్గరికి వచ్చేసరికి సగమవుతుంది. పెదవి దాటేసరికి, "మీకు తోచింది ఇవ్వండి."

ధర అడగ్గానే ఒక అడుగు వెనక్కి వేయడం కూడా అతనికి అలవాటు. వెనక గోడ ఉంటే గోడకి ఆనుకుంటాడు. బండి ఉంటే బండికి. ఏమీ లేకపోతే ఇంకో అడుగు వేస్తాడు. ఒకసారి ఒక లారీ యజమానితో షాపులో మొదలైన బేరం వీధి మలుపు దగ్గర తేలింది.

అందరూ అతన్ని 'మొహమాటం' అని పిలిచేవారు. మొదట్లో వెనకాల, తర్వాత ఎదురుగానే. అలా పిలవొద్దని చెప్పడానికి అతనికి మొహమాటం.

లాండ్రీ వాళ్ళ పని పెద్దది. ఏదో బేకరీ అమ్మేసిన వ్యాన్లు కొన్నారు. వాటి మీది పాత పేరు పీకేసి కొత్త పేరు వేయాలి. అందుకే ముందు రోజే అతని భార్య ఖండితంగా చెప్పేసింది.

"రేపు సరైన రేటు చెప్పి ఒప్పించుకు రాకపోతే షాపు ముందు భాగం మా తమ్ముడికి ఇచ్చేస్తాను. వాడు ఫోన్ కవర్లు పెట్టుకుంటాడు. మీరు వెనక గదిలో కూర్చుని అక్షరాలు కోసుకుందురు గాని. వచ్చినవాళ్ళకి రేట్లు వాడే చెప్తాడు. వాడికి సిగ్గూ ఎగ్గూ లేదు."

"థాంక్సక్కా," అన్నాడు బావమరిది, గోడ కొలుస్తున్న టేపు వదలకుండానే.

షాపు ముందు భాగం అంటే అతనికి ప్రాణం. అక్కడి అద్దం వెనక నిలబడితే వీధిలో పోయే ప్రతి బండీ కనిపిస్తుంది. తను అంటించిన పేర్లు తిరిగి తిరిగి వస్తూంటాయి, వేరే ఊళ్ళో కాపురముంటున్న పిల్లలు చూసిపోవడానికి వచ్చినట్టు. వెనక గదికి కిటికీ కూడా లేదు.

అతనికి తన జబ్బు మీద కోపం కంటే కుతూహలం ఎక్కువ. ఇంతకీ ధర అనేది ఎక్కడ ఉంటుంది? వస్తువులోనా, అడిగేవాడి కనుబొమలోనా, చెప్పేవాడి గొంతులోనా? రోడ్డు మీద అరటిపళ్ళమ్మే మనిషి ఆవులిస్తూ ధర చెప్పేస్తుంది. ఆమె గొంతులో ఏ భాగం తన గొంతులో లేదు? ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఉంటే ఒక ఉపాయం తట్టింది. నోరు చెప్పలేకపోతే వ్యాను చెప్తుంది.

తన పాత తెల్ల వ్యాను మీదే ధరలన్నీ అంటించేయాలి. డోరు మీద పేరు వేస్తే ఎంతో డోరు మీద, బానెట్ మీద బొమ్మ వేస్తే ఎంతో బానెట్ మీద, వెనక అద్దం మీద ఫోన్ నంబరుకి ఎంతో ఆ అద్దం మీద. పైన రెయిలింగు కింద పొడుగ్గా ఒక ఎర్ర పట్టీ: 'అక్షరాలు, బొమ్మలు అంటించడానికి మా ధరలు.' డ్రైవరు డోరు వెనకున్న రేకు మీద, సరిగ్గా మనిషి భుజం ఎత్తున, ఇంకో చిన్న ఎర్ర పట్టీ: 'బేరం లేదు.'

ఆ రెండోది భార్య చెప్పగా చేర్చింది. ఇంత కటువైన మాట తన మెషీన్లోంచి ఎప్పుడూ రాలేదు. చివర 'దయచేసి' అని తగిలిద్దామనుకున్నాడు. భార్య పక్కనే నిలబడి ఉంది కాబట్టి తగిలించలేదు.

కాఫీ తాగి బయటికి వచ్చేసరికి బావమరిది వ్యాను కడిగేసి ఎదురుచూస్తున్నాడు.

"నీ షాపు లాక్కుంటున్నానని నామీద కోపం పెట్టుకోకు బావా. చూడు, బండి ఎలా మెరిపించానో!"

నిజంగానే మెరుస్తోంది. పై సగం మరీ మెరుస్తోంది. పట్టీలు అంటిస్తున్నప్పుడు బద్ద కింద వినైల్ కాస్త జారినట్టనిపించింది. మైనం పాలిష్ పెట్టిన రేకు మీద వినైల్ నిలవదు. ఈ మాట అతను ప్రతి ఖాతాదారుకీ చెప్పి పంపుతాడు. పాలిష్ ఏమైనా పూశావా అని బావమరిదిని అడుగుదామనుకున్నాడు. పొద్దున్నే లేచి ఇంత చాకిరీ చేసినవాణ్ణి అలా నిలదీస్తే నొచ్చుకోడూ? అడగలేదు. డోర్ల మీదా బానెట్ మీదా అంకెలు మాత్రం రాయి మీద చెక్కినట్టు పట్టుకున్నాయి. పాలిష్ సీసా అక్కడిదాకా రాకుండానే ఖాళీ అయిపోయిందని అతనికి తెలియదు.

దారంతా అతను అంకెని నోట్లో చప్పరిస్తూ నడిపాడు. పెద్ద రోడ్డెక్కాక గాలి జోరుగా కొట్టింది. పైనెక్కడో ఏదో టపటపమని కొట్టుకుని ఆగిపోయింది. అతను అంకె మీద దృష్టి మరల్చలేదు.

లాండ్రీ ఉన్న సందులో, ఎదురుగా ఒక మెకానిక్ షెడ్డు ఉంది. వ్యాను ఆపి దిగీ దిగగానే మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. డోరుని ఇటునుంచీ అటునుంచీ చూశాడు. వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు.

"ఈ డోరు మీద వేసిన రేటు ఫైనలేనా అన్నా?"

ధర! అతను అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి వ్యానుకి వీపు ఆనించాడు. "ఫైనలే... అనుకుంటున్నానండీ."

"రెండో డోరుకీ అంతేనా?"

"అంతేనండీ. రెండు వైపులా కొలత ఒకటేగా."

మెకానిక్ కనుబొమ కదల్లేదు. పైగా మొహంలో ఆనందం లాంటిది కనిపించింది. అతనికి నమ్మకం కలగలేదు. ఇన్నేళ్ళలో తన ధర విని ఆనందించిన మొహాన్ని, తనే తగ్గించాక తప్ప, చూడలేదు.

"లోపాలేం లేవుగా?"

"మూడేళ్ళు గ్యారంటీ అండీ. ఎండకి వెలవదు, వానకి ఊడదు."

"డోరుకి గ్యారంటీయా!" మెకానిక్ అతన్ని కొత్తగా చూశాడు. "మరి తీసిచ్చేది మీరా, మేమే తీసుకోవాలా?"

"పాతది తియ్యడం మా పనేనండీ. కాస్త వేడి చేసి, ఒక మూల గోరుతో లేపి, మెల్లగా లాగితే వచ్చేస్తుంది."

మెకానిక్ ఎన్నో పిచ్చివాళ్ళని చూసిన మనిషిలా ఓపికగా నవ్వాడు. "ఎందుకులే అన్నా శ్రమ. మా దగ్గర స్పానర్లున్నాయి."

స్పానర్లు! అతనికి ముచ్చటేసింది. శ్రద్ధగల పనివాడు డోరు హ్యాండిల్ విప్పి పక్కన పెట్టాకే వినైల్ పరుస్తాడు. బద్ధకస్తులు హ్యాండిల్ చుట్టూ కత్తిరిస్తారు. ఇతనెవరో పని తెలిసిన మనిషి, తన బండి ముందే సిద్ధం చేసుకుంటానంటున్నాడు.

"అయితే మీరు వెళ్ళి పని చూసుకు రండి. ఈలోగా మేం మొదలెడతాం," అంటూ మెకానిక్ అతని జేబులో అడ్వాన్స్ కుక్కాడు. వద్దనడం బాగుండదు కదా అనుకుని అతను తల ఊపాడు. వ్యాను నుంచి ఇవతలికి వస్తుంటే చొక్కా వీపు దగ్గర పట్టుకున్నట్టయి, చర్రుమని వదిలింది. చెమట అనుకున్నాడు.

లాండ్రీలో ఆవిరి పొగమంచులా కమ్ముకుని ఉంది. బారుగా బల్లలు, బల్లల వెనక ఇస్త్రీ చేసేవాళ్ళు. అతను మధ్యనుంచి నడిచాడు. ఒక్కొక్క బల్ల దాటుతుంటే ఒక్కొక్క ఇస్త్రీపెట్టె ఆగడం వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే అందరూ తలలు ఒక పక్కకి వంచి తననే చూస్తున్నారు. ఏటవాలుగా ఉన్న దేన్నో చదువుతున్నవాళ్ళలా. ఇక్కడిదాకా పాకిందన్నమాట తన సంగతి, అనుకున్నాడు. వెన్నెముక లేని మనిషి వచ్చాడని వీపు చూస్తున్నారు కాబోలు. చూపులు నిజంగానే అక్కడ అంటుకున్నట్టుగా ఉంది.

యజమానురాలు పొడుగాటి మనిషి. మాటకి ముందు కనుబొమ కదిలే రకం. అతని గురించి ఆమె ముందే వాకబు చేసి పెట్టుకుంది. రేటు చెప్పాక ఏమీ అనకు, కనుబొమ ఎగరేసి ఊరుకో, సగం అదే పోతుంది అని ఎవరో చెప్పారట. ఆ కనుబొమ ఇప్పటికే పొజిషన్లో ఉంది.

"రండి. చెప్పండి, ఎంతవుతుంది?"

కడుపులో అంకె లేచింది. గొంతు దాకా వచ్చి జారడం మొదలెట్టింది. అతను గబుక్కున, "బయట వ్యాను మీద అన్నీ వివరంగా ఉన్నాయండీ. మీ కళ్ళతో మీరే చూసుకుందురు గాని," అనేసి గిరుక్కున వెనుదిరిగాడు. దారి చూపిస్తూ ముందు అతను, వెనక ఆమె. నాలుగడుగులు వేశాక ఆమె నడక ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. చిన్నగా గొంతు సవరించుకున్నట్టు వినిపించింది.

"ఓహో. అలాగా!" అంది ఆమె, తనలో తను అనుకుంటున్నట్టు.

బయటికి వచ్చి చూస్తే వ్యానుకి డ్రైవరు డోరు లేదు.

అది షెడ్డు గోడకి ఆనించి ఉంది, అంకెతో సహా. మెకానిక్ రెండో డోరు బోల్టుల మీద ఉన్నాడు. పాత ఇనుము వ్యాపారి ఒకాయన బానెట్‌ని జానలతో కొలుస్తున్నాడు. చెప్పుల దుకాణం మనిషి వెనక అద్దం ముందు చేతులు చాచి నిలబడి, "ఇది నాకు. నేను ముందే చెప్పా, నా షోకేసుకి సరిగ్గా సరిపోతుంది," అని ఎవరితోనో అరుస్తున్నాడు. చుట్టూ జనం. అందులో ఎవరికో సందేహం కూడా వచ్చింది.

"అన్నిటికీ వేశాడు గానీ ఇంజనుకి రేటు వెయ్యలేదేం?"

"అడగండి. ఆయనే వస్తున్నాడు."

అతను చేతులు ఊపుతూ పరుగెత్తాడు. "ఆగండాగండి! అది డోరు రేటు కాదండీ! డోరు మీద అక్షరాలు అంటించే రేటు!"

"అక్షరాలా?" మెకానిక్ స్పానర్ దించి అడిగాడు. "ఎక్కడున్నాయి అక్షరాలు? అంకె ఒక్కటేగా ఉంది."

అతను తలెత్తి చూశాడు. రెయిలింగు కింద పట్టీ లేదు. భుజం ఎత్తున ఉండాల్సిన చిన్న పట్టీ కూడా లేదు. ఆ రెండు చోట్లా రేకు నున్నగా, జిడ్డుగా మెరుస్తోంది. వేలితో రాసి వాసన చూశాడు. పాలిష్. బావమరిది ప్రేమంతా అక్కడ పొరలా పేరుకుని ఉంది. రెండూ రోడ్డు మీదే ఎగిరిపోయాయన్నమాట.

"అడ్వాన్స్ కూడా తీసుకున్నావుగా," అన్నాడు మెకానిక్.

"నేను తీసుకోలేదండీ. మీరే జేబులో పెట్టారు."

"వద్దనలేదుగా?"

నిజమే. వద్దనలేదు. ఇన్నేళ్ళుగా ఎవరికీ వద్దని అనలేదు. జేబులోంచి అడ్వాన్స్ తీసి చాచాడు. మెకానిక్ చేతులు కట్టుకున్నాడు.

"అదంతా కాదు బాసూ. నా ఖాతాదారు అవతల డోరు లేని బండితో కూర్చున్నాడు. రాసిన రేటు వద్దంటే పోనీ. ఈ డోరుకి ఎంత కావాలో నువ్వే చెప్పు."

ఎంత కావాలో చెప్పు! ఒంట్లో ఉన్న అలవాటంతా ఒక్కసారి మేల్కొంది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. డోరుకి ఆనుకోబోయాడు. అక్కడ డోరు లేదు. వెల్లకిలా వెళ్ళి డ్రైవరు సీటులో కూలబడ్డాడు. కాళ్ళు బయట, తల స్టీరింగు పక్కన. ఎవరో నవ్వారు. ఇంక వెనక్కి వేయడానికి అడుగు లేదు, జరగడానికి చోటు లేదు.

"ముప్ఫై వేలు," అన్నాడు.

అందరికంటే ఎక్కువ నివ్వెరపోయింది అతనే.

"ఈ పాత డోరుకా? కొత్తది కూడా అంత ఉండదయ్యా!"

"అయితే కొత్తదే కొనుక్కోండి."

"పోనీ పది వేసుకో."

"ముప్ఫై."

మెకానిక్ కనుబొమలు రెండూ నుదుటి మధ్యకి వెళ్ళిపోయాయి. అతను వాటిని చూశాడు. కుతూహలంగా, తీరిగ్గా, జంతుప్రదర్శనశాలలో కొత్త జంతువుని చూసినట్టు చూశాడు. లోపల ఏమీ కరగలేదు. ఎందుకు? ఎందుకంటే ఈ మనిషి కొనకపోతే బాగుండునని తను కోరుకుంటున్నాడు కాబట్టి. ఇంత చిన్న సంగతా! ఇన్నాళ్ళూ తను చెప్పింది ధర కాదు. వెళ్ళిపోకండి అని బతిమాలుకోవడం. బతిమాలే మాటకి ఎదుటివాడు ఎంత వెల కడితే అంతే.

"పెట్టెయ్యండ్రా డోరు," అన్నాడు మెకానిక్ విసుగ్గా తన మనుషులతో. "మహానుభావుడు గ్యారంటీ ఇస్తానన్నప్పుడే అనుకున్నా." అడ్వాన్స్ లాక్కుని వెళ్ళిపోయాడు. బానెట్ దగ్గరి మనిషీ, అద్దం దగ్గరి మనిషీ ఎవరూ చెప్పకుండానే తప్పుకున్నారు.

అతను సీటులోంచి దిగాడు. ఇంకా ఆ ఊపులోనే ఉన్నాడు. "మీ వ్యాన్లు చూపించండి," అన్నాడు యజమానురాలితో, "అండీ" అనడం కూడా మరిచిపోయి.

లాండ్రీ పక్క ఖాళీ స్థలంలో వ్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. అతను వాటి చుట్టూ తిరిగాడు, ఆమె వెనకాలే వచ్చింది. బేకరీ పేరు మీద చెయ్యి ఆనించి చెప్పాడు. "ఇది పీకేస్తే పోదు. చుట్టూ రంగు ఎండకి వెలిసింది, దీని కింద వెలవలేదు. పీకేశాక కూడా ఆ పేరే నీడలా కనిపిస్తుంది. రుద్ది రంగు కలపాలి, లేదా మీ పేరు దాన్ని కప్పేంత పెద్దదిగా వెయ్యాలి. దానికి వేరే రేటు."

"పేరు కింద వేసే చిన్న అక్షరాలకి తక్కువేగా?" అందామె.

"ఎక్కువ. పెద్ద అక్షరం ఒక్క నిమిషంలో చేతికొస్తుంది. చిన్నవాటిని సూదితో ఏరుకోవాలి. వినైల్ తక్కువే పడుతుంది, కళ్ళు ఎక్కువ పడతాయి."

అన్నీ అయ్యాక, ఆమెకి ఎదురుగా నిలబడి అంకె చెప్పాడు. కడుపులో పుట్టింది పుట్టినట్టుగా, ఒక్క ముక్క విరగకుండా బయటికి వచ్చింది. వెనక్కి అడుగు వేయలేదు.

ఆమె కనుబొమ లేచింది. సగం దాకా వెళ్ళింది. అక్కడ కాసేపు ఆలోచించి మళ్ళీ కిందికి దిగింది.

"నాకు ఇంకోలా చెప్పారు మీ గురించి," అంది. "అయినా మీరు ముందే తేల్చేశారుగా. ఇంక నేనేం మాట్లాడను? సోమవారం నుంచి మొదలుపెట్టండి." అంటూ అతని భుజం మీదుగా వెనక్కి తొంగి చూసి, ఎందుకో నవ్వుకుంది.

ముందే తేల్చేశారట! తన మొహంలో అంత మార్పు వచ్చిందా అని అతను ఆశ్చర్యపోయాడు. తిరిగి వస్తుంటే డోరు దారంతా గలగలలాడుతూనే ఉంది. అద్దంలో తన మొహాన్ని పదే పదే చూసుకున్నాడు. పాతదే. అయినా అందులో ఏదో ఉండాలి, లేకపోతే అంత గడుసు మనిషి నోరెత్తకుండా ఊరుకుంటుందా?

షాపులో బావమరిది గోడకి పెన్సిలుతో గీతలు గీస్తున్నాడు. భార్య వినైల్ చుట్టలు వెనక గదికి సర్దుతోంది. ఆశ వదిలేసుకున్నట్టే ఉంది.

"ఎంత చెప్పారు?" అంది తలెత్తకుండా.

అతను అంకె చెప్పాడు.

"అది సరైనదే. నేనడిగేది మీరు ఎంత చెప్పారని."

"అదే చెప్పాను. ఆమె అదే ఒప్పుకుంది."

చుట్ట ఆమె చేతిలోంచి దొర్లిపోయింది. బావమరిది పెన్సిలు ఆగింది. "బావా, నిజంగా? ఎలా?"

అప్పుడు అతను ఇద్దరికీ ఎదురుగా నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ధర అనేది వస్తువులో ఉండదనీ, మనిషి లోపల ఉంటుందనీ, పోతే పోనీ అనుకున్నవాడి మాటే నిలుస్తుందనీ, కనుబొమలు కేవలం వెంట్రుకలనీ చెప్పాడు. పాలిష్ సంగతి కూడా ఎత్తాడు, కానీ క్షమించే గొంతుతో.

"ఇంకో మాట. నీకు నిజంగా ఫోన్ కవర్లు పెట్టుకోవాలనుంటే, వెనక గది అద్దెకిస్తాను. నెలకి..." అని ఒక అంకె చెప్పాడు.

"అంతా! కిటికీ కూడా లేదు కదా బావా!"

"కిటికీ ఉంటే ఇంకా ఎక్కువ," అని చెప్పి, మంచినీళ్ళు తాగడానికి కుండ వైపు తిరిగాడు.

అక్కాతమ్ముళ్ళిద్దరికీ అతని వీపు కనిపించింది. చొక్కా మీద ఎర్ర పట్టీ, కొంచెం ఏటవాలుగా, కానీ ఒక్క గాలిబుడగ కూడా లేకుండా అంటుకుని ఉంది. దాని మీద తెల్లగా, సందు చివరినుంచి కూడా చదవగలిగినంత స్పష్టంగా రెండు మాటలు: 'బేరం లేదు.' గాలికి అంచు లేచి, జిగురు బయటికి తిరిగి ఊగుతున్న పట్టీకి పొద్దున మెకానిక్ ధర అడగ్గానే అతను వీపు ఆనించాడు. అది వ్యానుని వదిలేసి మనిషిని పట్టుకుంది.

బావమరిది నోరు తెరిచాడు. అక్క ఒక్క చూపు చూసింది, మూసేశాడు.

ఆవిడ నెమ్మదిగా అతని వెనక్కి వెళ్ళింది. పట్టీకి ఒక మూల కాస్త లేచి ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి, బద్దతో రుద్దినట్టు గట్టిగా, శ్రద్ధగా రుద్దింది.

"ఏమిటే?" అన్నాడు అతను గ్లాసు దించి.

"ఏం లేదు. దుమ్ము."

ఆవిడ తన వీపు తట్టి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. గర్వంగా ఉంది. చొక్కా విప్పే వేళ దాకా అలాగే ఉంది.

మర్నాడు పొద్దున ఆ చొక్కా ఉతక్కుండా, పట్టీతో సహా, రాత్రి తగిలించిన కొక్కేనికే వేలాడుతోంది. ఎందుకు ఉతకలేదని అతను అడగలేదు, తీసి తొడుక్కున్నాడు.